ఎక్సెల్ ఫైలు పోయిందా? సాఫ్ట్‌వేర్ దించకముందే ఇది చదవండి: అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో కంప్యూటర్ సర్వీసు, డేటా రికవరీ పని చేస్తుంటాను. మార్చి ఆఖర్లో ఒకసారి, చిత్తూరు వైపు తోతాపురి కోతలు జోరుగా ఉన్నప్పుడు ఇంకోసారి నా ఫోన్‌కు ఊపిరాడదు. ఆడిటర్ ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు, లాడ్జీల లెక్కలు చూసేవాళ్ళు, మామిడి మండీ గుమాస్తాలు, థీసిస్ డేటా ఎక్కించుకునే పీహెచ్‌డీ వాళ్ళు... అందరిదీ ఒకటే మాట. "అన్నా, ఎక్సెల్ ఫైలు పొయ్యింది, ఏదన్నా సాఫ్ట్‌వేర్ చెప్పన్నా."

పోయిందంటే ఎలా పోయిందమ్మా అని అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. డిలీట్ కొట్టారా, సేవ్ చేయకుండా మూసేశారా, పాతదాని మీద కొత్తది సేవ్ అయిందా? ఈ మూడింటికీ దారులు వేరు. పైన ఓనరు అరుస్తుంటే ఇవన్నీ ఆలోచించే స్థితిలో ఎవరూ ఉండరు, నాకు తెలుసు. అందుకే తీరిగ్గా ఉన్నప్పుడే చదివిపెట్టుకోండి.

అపోహ: వెంటనే రికవరీ సాఫ్ట్‌వేర్ వేస్తే ఫైలు వచ్చేస్తుంది.

జనాన్ని నిండా ముంచేది ఇదే. డిలీట్ కొట్టినప్పుడు డిస్క్ మీద డేటా అప్పటికప్పుడు చెరిగిపోదు, ఆ చోటు ఖాళీ అని మాత్రమే విండోస్ రాసుకుంటుంది. ఆ చోట్లో ఇంకేదైనా వచ్చి కూర్చునేదాకా మీ ఫైలు అక్కడే ఉంటుంది. ఇప్పుడు మీరు చేసే పని చూడండి. యూట్యూబ్‌లో వీడియో వెతికి, అది చూసి, దాని కింద ఉన్న లింకు నొక్కి, వందల ఎంబీల సాఫ్ట్‌వేర్ అదే సీ డ్రైవ్‌లోకి దించి, అక్కడే ఇన్‌స్టాల్ చేసి, దొరికిన ఫైళ్ళను మళ్ళీ అదే డ్రైవ్‌లో సేవ్ చేస్తారు. ప్రతి అడుగులోనూ డిస్క్ మీద కొత్తగా రాస్తూనే ఉన్నారు. వీడియో చూస్తున్నంతసేపు బ్రౌజరు కూడా రాస్తూనే ఉంటుంది.

పోయిన సీజన్లో ఒక మండీ గుమాస్తా సీపీయూ చంకలో పెట్టుకుని బస్సులో వచ్చాడు. పాత హార్డ్ డిస్క్, ఫోల్డరు డిలీట్ అయి ఒక్క పూటే అయింది, మామూలుగా అయితే నవ్వుతూ తీసివ్వాల్సిన కేసు. కానీ అప్పటికే ఎవరో చెప్పారని ఒకటి, పక్క షాపాయన చెప్పాడని ఇంకోటి సాఫ్ట్‌వేర్లు వేసేశాడు. నేను స్కాన్ చేస్తే ఫైలు పేరు కనిపించింది, తేదీ ఉంది, సైజు కూడా సరిగ్గానే ఉంది. తెరిస్తే మాత్రం ఎక్సెల్ ఒప్పుకోలేదు. లోపల చూస్తే ఆ సాఫ్ట్‌వేర్ ముక్కలే. రైతులకు కట్టాల్సిన లెక్కలు మళ్ళీ కాగితాల్లోంచి ఎక్కించుకోవాల్సి వచ్చింది పాపం. పేరు కనిపిస్తే ఫైలు ఉన్నట్టు కాదని అతనికి నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు చిప్‌ల మీద డేటా దాచే డ్రైవ్) ఉంటే సంగతి వేరే. విండోస్ 7 నుంచి ట్రిమ్ అనే ఏర్పాటు మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. డిలీట్ అయిన చోటు ఇక అక్కర్లేదని డ్రైవ్‌కు చెప్పేస్తుంది, డ్రైవ్ దాన్ని లోలోపల ఖాళీ చేసుకుంటుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా చూపించేవి సున్నాలే. "వంద శాతం గ్యారంటీ" అని డబ్బులు ముందే అడిగేవాళ్ళు ఈ ముక్క చెప్పరు.

కాబట్టి ముందు రీసైకిల్ బిన్ చూడండి. అందులో లేకపోతే ఆ కంప్యూటర్ వాడటం ఆపేయండి. పెన్ డ్రైవ్ అయితే పీకి పక్కన పెట్టండి, దాన్నుంచి డిలీట్ చేసినవి రీసైకిల్ బిన్‌లోకి రావు. డిస్క్ తీసి వేరే కంప్యూటర్‌కు తగిలించి స్కాన్ చేయాలి, దొరికినవాటిని ఇంకో డ్రైవ్‌లోకే తీసుకోవాలి.

అపోహ: పాతదాని మీద సేవ్ కొట్టేశాక ఇక అంతే.

అంతే కాదు. ఫైలు ఇంకా తెరిచే ఉందా? అయితే దయచేసి మూయొద్దు! ఇప్పటి ఎక్సెల్‌లో సేవ్ కొట్టాక కూడా కంట్రోల్ జెడ్ పనిచేస్తుంది, 100 అడుగుల దాకా వెనక్కి వెళ్ళొచ్చు. మధ్యలో మ్యాక్రో (ఎక్సెల్‌లో పనులను దానంతట అదే చేసే చిన్న ప్రోగ్రామ్) నడిపి ఉంటే ఆ వరస పోతుంది. వెనక్కి వచ్చాక వేరే పేరుతో సేవ్ చేసుకోండి. ఇది తెలియక టెన్షన్‌లో ఫైలు మూసేసి, ఆ తర్వాత నాకు ఫోన్ చేసేవాళ్ళను చూస్తే కోపం కూడా రాదు, జాలేస్తుంది.

మూసేశారనుకోండి, ఫైలు వన్‌డ్రైవ్‌లో (మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఆన్‌లైన్ స్టోరేజీ) ఉంటే వెర్షన్ హిస్టరీలో పాతవి దొరుకుతాయి. గూగుల్ షీట్స్‌లో ఫైల్ మెనూలోనే వెర్షన్ హిస్టరీ ఉంది. కంప్యూటర్‌లోనే ఉన్న ఫైలైతే దాని మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ప్రీవియస్ వెర్షన్స్ చూడండి. విండోస్‌లో పాత కాపీలు దాచిపెట్టే సిస్టమ్ ప్రొటెక్షన్ గానీ ఫైల్ హిస్టరీ గానీ ముందే ఆన్ చేసి ఉంటేనే అక్కడ ఏమైనా ఉంటుంది, చాలా ఆఫీసుల్లో ఖాళీగానే కనిపిస్తుంది. ఆఖరి ఆశ ఒకటుంది. ఎక్సెల్ సేవ్ చేసేటప్పుడు కొత్త డేటాను ముందు ఒక టెంపరరీ ఫైలుగా రాసి, పాతదాన్ని తీసేసి, కొత్తదానికి ఆ పేరు పెడుతుంది. అంటే పాతది డిలీట్ అయిన ఫైలుగా హార్డ్ డిస్క్ మీద ఎక్కడో మిగిలి ఉండొచ్చు. మళ్ళీ అదే మాట, దాని మీద ఏమీ రాయకుండా ఉంటేనే.

అపోహ: ఆటో రికవర్ ఉంది కదా, అదే చూసుకుంటుంది.

అది కరెంటు పోయినప్పుడు, ఎక్సెల్ బిగుసుకుపోయినప్పుడు ఆదుకోవడానికి. మామూలుగా 10 నిమిషాలకొకసారి కాపీ తీసిపెడుతుంది, మీరు చక్కగా సేవ్ చేసి మూసేస్తే ఆ కాపీని తనే తీసేస్తుంది. కాబట్టి పాతదాని మీద కొత్తది సేవ్ అయిపోతే (ఓవర్‌రైట్) పనికిరాదు. ఒక్కసారి కూడా సేవ్ చేయని కొత్త ఫైలును మూసేస్తే మాత్రం ఫైల్, ఇన్ఫో, మేనేజ్ వర్క్‌బుక్‌లోకి వెళ్ళి రికవర్ అన్‌సేవ్డ్ వర్క్‌బుక్స్ నొక్కండి. అక్కడ 4 రోజులే ఉంచుతుంది, వచ్చే సోమవారం చూద్దాంలే అనుకోవద్దు.

మిగతావి గబగబా

టిల్డా, డాలర్ గుర్తులతో మొదలయ్యే చిన్న ఫైలు మీ ఫైలుకు బ్యాకప్ కాదు. ఫైలును ఎవరు తెరిచారో రాసుకునే తాళం అది, మామూలుగా 165 బైట్లు. దాన్ని వాట్సాప్‌లో పంపి "రికవర్ చెయ్యన్నా" అంటే నేనేం చేసేది?

వైరస్ ఎన్‌క్రిప్ట్ చేసిన (తాళం వేసి చదవకుండా చేసిన) ఫైలు, పేరు చివర ఉండే ఎక్స్‌టెన్షన్ మార్చినంత మాత్రాన తెరుచుకోదు.

సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల ఫైలుగా) సేవ్ చేస్తే మీరు చూస్తున్న ఒక్క షీటే మిగులుతుంది, ఫార్ములాలూ పోతాయి. ఇది వైరస్ పని కాదు.

వరసలు మాయమయ్యాయని పరిగెత్తుకొచ్చేవాళ్ళు ముందు ఫిల్టర్ తీసి చూడండి. నిజంగానే ఇలాంటి కేసులొస్తాయి, డబ్బులు తీసుకోవడానికి నాకే మొహమాటంగా ఉంటుంది.

అపోహ: మా దగ్గర బ్యాకప్ లేదు.

ఉంటుంది, మీకు గుర్తు రాదంతే. పోయిన వారం ఆడిటర్‌కు మెయిల్ చేసి ఉంటారు, అది మీ సెంట్ ఐటమ్స్‌లో ఉంటుంది. ఫోన్ నుంచి వాట్సాప్‌లో పంపి ఉంటే ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ డాక్యుమెంట్స్ ఫోల్డరులో సెంట్ అని ఇంకోటి ఉంటుంది, అందులో చూడండి. ఒక లాడ్జి మేనేజరక్క రెండు రోజులు నిద్ర లేకుండా గడిపి, చివరికి ఓనరు కొడుకును అడిగితే అతని ఫోన్‌లో మూడు రోజుల కిందటి కాపీ దొరికింది. ఆ మూడు రోజుల లెక్క రిజిస్టరు చూసి మధ్యాహ్నం భోజనాల లోపు ఎక్కించేసింది.