ముదురుతూ పోయిన నీలం

మన ఒంట్లో భాస్వరం ఎక్కడున్నా దాదాపు అంతా ఫాస్ఫేటు రూపంలోనే ఉంటుంది. ఎముకలోనూ, డీఎన్‌ఏలోనూ, కణత్వచపు కొవ్వుల్లోనూ, కణాలకు శక్తినందించే ఏటీపీ అణువులోనూ అదే. కొంత మాత్రం ఏ సేంద్రియ అణువుకూ అతుక్కోకుండా విడిగా తిరుగుతుంది. ఈ విడి ఫాస్ఫేటును కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డ్ వైద్య కళాశాల నుంచి సైరస్ ఫిస్క్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ప్రచురించారు.

పని కష్టమైనదేమీ కాదు. 1 మి.లీ. సీరానికి (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవానికి) 10 శాతం ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం 9 మి.లీ. కలిపితే ప్రొటీన్లు తెల్లగా విరిగిపోతాయి. వడకట్టిన తేటలో 5 మి.లీ. తీసుకుని, గంధకామ్లంలో కలిపిన 2.5 శాతం అమోనియం మాలిబ్డేట్ 1 మి.లీ., ఆ తర్వాత అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం 0.4 మి.లీ. వేసి, నీళ్లతో 10 మి.లీ.కి తేవాలి. ఫాస్ఫేటు మాలిబ్డేట్‌తో జతకడుతుంది, చివర వేసిన రసాయనం ఆ జంటను క్షయకరిస్తుంది, అంటే దానికి ఎలక్ట్రాన్లు ఇస్తుంది, నీలం తేలుతుంది. పోల్చి చూడడానికి 0.02 మి.గ్రా. భాస్వరం ఉన్న స్టాండర్డ్ ట్యూబును, సీరం లేని బ్లాంకును కూడా అదే సమయంలో చేసి, 660 నానోమీటర్ల కాంతిని ఒక్కొక్కటి ఎంత పీల్చుకుంటుందో రీడింగ్ తీసుకోవాలి. బ్లాంకు తీసేశాక సీరం రీడింగును స్టాండర్డ్ రీడింగుతో భాగించి 4తో హెచ్చిస్తే, డెసిలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో తెలుస్తుంది. పెద్దవాళ్లలో మామూలుగా 2.5 నుంచి 4.5. ఎదిగే పిల్లల్లో ఇంకాస్త ఎక్కువ.

తప్పులు ఎక్కువగా గాజుసామాను దగ్గరే మొదలవుతాయి. ఫాస్ఫేటున్న డిటర్జెంటుతో కడిగిన ట్యూబు బ్లాంకులోనే నీలం చూపిస్తుంది. ఎర్రకణాలు పగిలినా, సీరాన్ని వేరుచేయడం ఆలస్యమైనా వాటిలోని ఫాస్ఫేటు బయటికొచ్చి లెక్క పెరుగుతుంది. ఆమ్లం తక్కువైతే ఫాస్ఫేటు లేకపోయినా మాలిబ్డేటే నీలంగా మారుతుంది. మరీ ఎక్కువైతే రంగు రావడానికే తాత్సారం.

సీరంలో కొద్ది నిమిషాల్లో నిలకడకొచ్చే రంగు, కండరం నుంచి ఇలాగే తీసిన తేటను ఫిస్క్, సుబ్బారావు పరీక్షించినప్పుడు నిలవలేదు. మొదట లేతగా ఉండి, అరగంటదాకా ముదురుతూ పోయింది. రసాయనాలు పాడయ్యాయనుకుని పారబోయడం సులువే. వాళ్లు మాత్రం ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. తేటలో ఉన్న ఏదో పదార్థం ఆమ్లంలో విడిపోతూ కొంచెం కొంచెంగా ఫాస్ఫేటును వదులుతోంది, మాలిబ్డేట్ ఆ విడిపోవడాన్ని తొందరపెడుతోంది. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. కండరం సంకోచించినప్పుడు ఇది తరుగుతుంది, విశ్రాంతిలో మళ్లీ పేరుకుంటుంది. కండరాన్ని మొరటుగా కోస్తే అక్కడికక్కడే విరిగిపోతుంది కాబట్టే అంతకుముందు దీని జాడ తెలియలేదు. కండరానికి శక్తినిచ్చేది లాక్టిక్ ఆమ్లమేనన్న అప్పటి నమ్మకం ఇక్కడినుంచే సడలింది.

1929లో వాళ్లిద్దరూ, విడిగా జర్మనీలో కార్ల్ లోమన్, ఏటీపీని వేరుచేశారు. దాన్ని పట్టుకోవడానికీ నీలమే సాధనం, సమయం మాత్రం వేరు. 1 నార్మల్ గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 100 డిగ్రీల దగ్గర 7 నిమిషాలు కాచితే ఏటీపీలోని మూడు ఫాస్ఫేట్లలో చివరి రెండు ఊడి రంగులో కనిపిస్తాయి. రైబోజ్ చక్కెరకు ఎస్టరుగా అతుక్కున్న మూడోది ఆ 7 నిమిషాలకు దాదాపు కదలదు.