బరోసా ముసలి తీగలు, బూట్లకు అంటిన మట్టి: కొన్ని అపోహలు, వాస్తవాలు

దక్షిణ ఆస్ట్రేలియాలోని బరోసా లోయలో ద్రాక్షతోటల పని చూసే నాకు ఏటా కోతల కాలంలో ఒకే మాట మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. చూడడానికి వచ్చినవారు నూరేళ్లు దాటిన షిరాజ్ (ఎర్ర వైన్ చేసే ద్రాక్ష రకం) తీగల ముందు నిలబడి, మనిషి నడుమంత లావున్న మొదళ్లను చూస్తూ, "ఇదంతా ఈ మట్టి మహిమే కదా" అంటారు. కాదు.

అపోహ: బరోసా నేలకు పురుగు పట్టదు, అందుకే ఇక్కడి తీగలు ఇంతకాలం బతికాయి.

వాస్తవం: తీగ వేళ్లను పీల్చి చంపే ఫిలోక్సెరా, పేనుబంకకు దగ్గరి బంధువైన ఒక మిల్లీమీటరు పురుగు, 1877లో పక్క రాష్ట్రమైన విక్టోరియాలోని జీలాంగ్ దగ్గర బయటపడింది. అక్కడి తోటలను ప్రభుత్వమే పీకించినా అది ఆగక, తరువాతి రెండు దశాబ్దాలలో బెండిగో మీదుగా రూథర్‌గ్లెన్ వరకు పాకింది. ఆ అనుభవం చూసిన దక్షిణ ఆస్ట్రేలియా 1899లో ప్రత్యేక చట్టం చేసి, బయటి నుండి తీగలూ అంట్లూ రాకుండా కట్టుదిట్టం చేసింది. 1842లో బరోసాలో బెథనీ గ్రామాన్ని స్థాపించిన, జర్మన్ మాట్లాడే సైలీషియా లూథరన్ క్రైస్తవుల కాలంలో నాటిన తీగల్లో కొన్ని ఈనాటికీ సొంత వేళ్లపై కాపు కాస్తున్నాయంటే కారణం ఆ కట్టుదిట్టమే. ఇసుక శాతం బాగా ఎక్కువైన నేలలో ఈ పురుగు నిలదొక్కుకోలేదన్నది నిజమే. కాని బరోసాలో చాలా తోటలు ఎర్రగోధుమ బంకమట్టి నేలల్లోనే ఉన్నాయి, ఒక్కసారి దిగితే దానికి అక్కడ అడ్డేమీ ఉండదు.

మరో విషయం కూడా చెప్పాలి. పురుగు చేయలేని పనిని మనుషులే చేయబోయారు. 1980ల మధ్యలో ద్రాక్ష దిగుబడి అవసరానికి మించిపోయి ధర పడిపోయినప్పుడు, తీగలు పీకిన రైతులకు ప్రభుత్వం డబ్బు చెల్లించింది. ఈ రోజు అపురూపమంటున్న ముసలి షిరాజ్ తీగలు, గ్రెనాష్ అనే మరో ఎర్ర వైన్ రకం తీగలు ఎన్నో అప్పుడే పోయాయి. కొనేవారు లేక దిక్కుతోచని రైతుల దగ్గర ద్రాక్ష కొన్న వైన్ తయారీదారు పీటర్ లేమన్ వంటి కొద్దిమంది లేకపోతే మరెన్నో పోయేవి.

అపోహ: ఫిలోక్సెరా పాతకాలపు కథ, ఇప్పుడు ఎవరూ భయపడనక్కరలేదు.

వాస్తవం: అందరికన్నా ఎక్కువ నష్టం కలిగించేది ఈ నమ్మకమే, కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుతాను. 2006లో మెల్‌బోర్న్ పక్కనే ఉన్న యారా లోయలో ఈ పురుగు దొరికింది, ఆ తరువాత అక్కడి నియంత్రణ మండలాన్ని పెంచుకుంటూ పోవలసి వచ్చింది. దీనికి మందు లేదు. సోకిన తీగ పైకి రెండు మూడేళ్లు ఆరోగ్యంగానే కనిపిస్తుంది, ఆలోగా పురుగు పక్క వరుసలకు చేరుతుంది. చివరికి తోటంతా పీకి, ఈ పురుగును తట్టుకునే అమెరికన్ వేరుమూలాలపై (కింద వేర్ల భాగంగా వాడే వేరే జాతి తీగలపై) అంటుకట్టిన మొక్కలు నాటి, కాపు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. (మేడ్చల్ వైపు ద్రాక్ష రైతులకు డాగ్రిడ్జ్ వేరుమూలం తెలుసు, అక్కడ దాన్ని వాడేది ఉప్పునీటినీ నీటి ఎద్దడినీ తట్టుకోవడానికి, ఇక్కడ వేరుమూలాలతో అసలు పని ఈ పురుగుతోనే.)

అది రెక్కలు కట్టుకొని రాదు. బూటు అడుగున అంటిన మట్టిలో, కారు టైరులో, ద్రాక్ష నింపే డబ్బాలలో వస్తుంది. నేను విక్టోరియా నుండి ఇక్కడ పనికి చేరిన మొదటి రోజున అవే బూట్లతో గేటు దాటబోతే, యజమాని నన్ను బయటే ఆపి, బూట్లు విప్పించి, ఒక మాట కూడా మాట్లాడకుండా కొత్త జత తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు అవమానంగా తోచింది. నాలుగేళ్ల కిందట, ముందు రోజే యారా లోయ తిరిగి వచ్చిన ఒక తెలుగు కుటుంబం ఫోటో కోసం మా వరుసల మధ్యకు నడిచినప్పుడు నేనే గట్టిగా అరిచాను. "అన్నా, ఇంత చిన్న మట్టి పెళ్లకు ఇంత హడావిడా?" అని ఆ తండ్రి నొచ్చుకున్నాడు. అరిచినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది, ఆపినందుకు లేదు.

కోత పనికి వచ్చే మన విద్యార్థులు దీని గురించి విని బెదిరిపోతారు, జరిమానా పడుతుందేమోనని విక్టోరియాలో పనిచేసిన సంగతే దాస్తారు. దాచకండి; ముందుగా చెప్పినవారిని ఎవరూ తప్పుపట్టరు. బూట్ల మట్టిని పూర్తిగా దులిపి, తోట వాళ్లు ఇచ్చే బ్లీచింగ్ ద్రావణంలో కనీసం 60 సెకన్లు ఉంచితే సరిపోతుంది. చూడడానికి వచ్చేవారు కంకర దారి దిగకుండా ఉంటే చాలు. ఇక "పురుగు పట్టిన తోట వైన్ తాగితే జబ్బు చేస్తుంది" అని వాట్సాప్‌లో తిప్పేవారికి నా దగ్గర ఓపిక లేదు: అది వేరును తింటుంది, మనిషి జోలికి రాదు.

మిగిలినవి క్లుప్తంగా.

బరోసా ఆదివాసీ పదం కాదు. 1811లో స్పెయిన్‌లో జరిగిన బర్రోసా యుద్ధం పేరును దక్షిణ ఆస్ట్రేలియా సర్వేయర్ జనరల్ కల్నల్ లైట్ 1837లో ఈ కొండలకు పెట్టాడు, నమోదులో అక్షరం తారుమారైంది.

ఆస్ట్రేలియా వైన్ అంతా ఘాటుగా ఒకేలా ఉంటుందనేవారు న్యూ సౌత్ వేల్స్‌లోని హంటర్ లోయ సెమియోన్ అనే తెల్ల వైన్ తాగలేదన్నమాట. త్వరగా కోయడం వల్ల అందులో ఆల్కహాల్ తరచుగా 11 శాతం దాటదు, చెక్కపీపా తగలకపోయినా పదేళ్లకు కాల్చిన రొట్టె వాసన వస్తుంది.

సీసా మీద "బరోసా" అని మాత్రమే ఉంటే అందులో బరోసా లోయ ద్రాక్ష, దానికన్నా ఎత్తులో, చల్లగా ఉండే ఈడెన్ లోయ ద్రాక్ష కలిసి ఉండవచ్చు. "బరోసా వ్యాలీ" అని ఉంటే కనీసం 85 శాతం ఆ లోయదే అయి ఉండాలి.