రాలిన వెంట్రుక కొస చూశారా?

పిల్లలూ,

పోయిన వారం మీలో ఒకమ్మాయి నాకు ఫోన్‌లో ఒక ఫొటో పంపింది. తెల్ల కాగితం మీద పిచ్చుక గూడంత వెంట్రుకల ఉండ. కింద ఒకటే ముక్క: "అమ్మమ్మా, ఏ నూనె రాయాలి?" రెండు రోజులకే మీలో ఒకబ్బాయి ఫోన్ చేసి, గొంతు తగ్గించి, అదే అడిగాడు. "ఎవరికీ చెప్పకు" అని కూడా అన్నాడు. పేర్లు రాయడం లేదు, కంగారుపడకండి. ఈ వయసులో ఉన్నవాళ్ళు ఇంతమంది ఉండగా ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే అందరికీ కలిపి ఈ ఉత్తరం.

నూనె సీసా మూత తీసేముందు ఒక పని చేయండి. దువ్వెనలో ఇరుక్కున్న వెంట్రుక ఒకటి మెల్లగా బయటికి లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా జార్చండి. ఒక కొసన చిన్న గరుకు తగులుతుందా? వెలుతురుకి ఎత్తి చూస్తే అక్కడ సూదిమొనంత తెల్లటి బొడిపె కనిపిస్తుంది. కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు. నేను చెప్పబోయేదంతా ఆ బొడిపె మీదే ఆధారపడి ఉంది.

బొడిపె చూడగానే చాలామంది "అయ్యో, కుదుళ్ళతో సహా ఊడొచ్చేసింది" అని గుండె బాదుకుంటారు. అది కుదురు కాదు. కుదురు చర్మం లోపలే భద్రంగా ఉంటుంది. కాలం తీరిన వెంట్రుక అడుగున గట్టిపడిన ముద్ద అది. మనిషి తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కోటి రెండు నుంచి ఆరేళ్ళపాటు, నెలకి దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో పెరుగుదల ఆగిపోయి, ఓ మూడు నెలలు కుదుట్లో ఊరికే కూర్చుని, అప్పుడు రాలుతుంది. ఏ రోజు లెక్క తీసినా పదిలో ఒకటి దాకా ఇలా ఊరికే కూర్చున్నవే. లక్షలో పదో వంతు పదివేలు. అవన్నీ మూడు నెలల్లో రాలాలంటే రోజుకి ఎన్ని? సుమారు వంద. అందుకే రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం మామూలే అంటారు. ఇక నాలుగైదు రోజులు దువ్వకుండా ఉండి, ఆదివారం నూనె పెట్టి మర్దన చేస్తే ఆ బాకీ అంతా ఒక్కసారే చేతికొస్తుంది. నూనె రాస్తే ఊడుతోందనే మాట పుట్టింది ఇలాగే.

బొడిపె లేకుండా రెండు కొసలూ ఉత్తగా ఉన్న వెంట్రుక రాలలేదు, తెగింది. స్ట్రెయిటనర్ వేడి, రంగు, బ్లీచ్, తడిజుట్టుని బరబరా దువ్వడం, టవల్‌తో రుద్దడం దీనికి కారణాలు. పెరిగేది లోపల, తెగేది బయట. బయట కనిపించే వెంట్రుకలో ప్రాణం లేదు, మన గోరు కొస లాంటిదే. కాబట్టి దానికి "పోషణ" ఇవ్వడమనేది ప్రకటనల భాష. కాపలా మాత్రం కాయొచ్చు.

ఆ కాపలా పని నూనె బాగానే చేస్తుంది. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూశారు. వెంట్రుక నుంచి పోయే ప్రొటీన్‌ని గట్టిగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం చిన్నగా, తిన్నగా ఉండే అణువు కాబట్టి వెంట్రుక లోపలికి దూరగలుగుతుంది. మిగతావి పైనే ఆగిపోతాయి. ఆ పరిశోధన చేసినవాళ్ళు కొబ్బరినూనె అమ్మే సంస్థలో పనిచేసేవాళ్ళేనని కూడా తెలుసుకుని ఉండండి. ఫలితం తప్పని నేననను గానీ, ఎవరు చెప్పారో చూసుకునే అలవాటు మంచిది. తలస్నానానికి ముందు ఓ గంట, జుట్టు పొడుగునా పలచగా రాసి కడిగేస్తే చాలు. నీళ్ళు పీల్చి ఉబ్బడం, ఆరి ముడుచుకోవడం తగ్గి, తెగేవి తగ్గుతాయి.

మరి కుదురు నుంచి రాలేదానికి? ఇక్కడ నా కథ చెప్పాలి.

నాకు పదహారేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గి, తిండి సహించి, మళ్ళీ మనిషినయ్యాను అనుకున్న రెండో నెలలో జుట్టు ఊడటం మొదలైంది. జడ పట్టుకుంటే చేతినిండా వచ్చేది. తలగడ మీద, పుస్తకాల మధ్య, ఎక్కడ చూసినా అవే. అప్పుడొకావిడ ఏవేవో ఆకులు వేసి కాచిన నూనె ఇచ్చింది. పచ్చగా, ఘాటుగా ఉండేది. అయిదు నెలలు రాశాను. నుదుటి అంచున బొచ్చులాంటి కొత్త వెంట్రుకలు లేచి నిలబడినప్పుడు అద్దం ముందు నుంచి కదలలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళపాటు కనిపించినవాళ్ళకల్లా ఆ నూనె గురించి చెప్పాను.

బంధువుల్లో ఒకమ్మాయి చర్మవ్యాధుల డాక్టరయ్యాక నా గొప్ప కాస్తా దిగిపోయింది. గట్టి జ్వరం వచ్చినప్పుడు ఒంట్లో ఉన్న బలమంతా ప్రాణం నిలుపుకోవడానికి ఖర్చవుతుందట. ఇంకా పెరగాల్సిన వెంట్రుకలు వేలకొద్దీ ఒక్కసారే ఆగిపోతాయి. ఆగినవి రాలేది మాత్రం రెండు మూడు నెలల తర్వాత. అప్పటికి జ్వరం సంగతి మనం మర్చిపోయి ఉంటాం. కారణం పోతే ఊడటం చాలామందిలో ఆరు నెలల్లోపు దానంతట అదే ఆగుతుంది, కొత్తవి వాటంతటవే వస్తాయి. మనం భయపడి నూనె కొనేది బాగా ఊడుతున్నప్పుడు, అంటే తగ్గుముఖం పట్టబోయే ముందు. ఆ సమయంలో ఏ సీసా చేతిలో ఉంటే పేరు దానికే వస్తుంది. ఆ అయిదు నెలలూ తలకి మంచినీళ్ళు రాసుకున్నా నాకు అంతే జుట్టు వచ్చి ఉండేది.

నవ్వుకుని ఊరుకుందును గానీ, నా మాట నమ్మి మా పిన్ని కూతురు ఏడాదిపాటు ఆ నూనే రాసింది. దానికున్నది థైరాయిడ్. నీరసం, మలబద్ధకం, చలికి తట్టుకోలేకపోవడం, జుట్టు రాలడం అన్నీ ఒకే తాడుకి కట్టి ఉన్నాయని ఎవరికీ తట్టలేదు. నూనె దానికి చెడు చేయలేదు, నిజమే. ఏడాది కాలాన్ని మాత్రం తినేసింది.

మీ వయసులో ఇలా ఒక్కసారిగా రాలడానికి జ్వరమే అక్కర్లేదు. రెండు మూడు నెలల వెనక్కి వెళ్ళి చూడండి. బరువు తగ్గాలని తిండి మానేశారా? పరీక్షల టెన్షన్‌లో నిద్ర పోగొట్టుకున్నారా? అమ్మాయిలకి నెలసరి ఎక్కువగా అవుతోందా? ఒంట్లో ఇనుము నిల్వ తగ్గితే కూడా జుట్టు పలచబడొచ్చు. ఫెరిటిన్ అనే రక్తపరీక్షతో ఆ నిల్వ తెలుస్తుంది. అది లోపలి నుంచి పూడ్చుకోవాల్సిన లోటు, మాడు మీద ఎంత రుద్దినా పూడదు. అన్నట్టు, జుట్టు కోసమని ఎవరైనా బయోటిన్ మాత్రలు మింగుతుంటే, రక్తం ఇచ్చేముందు డాక్టరుకి చెప్పండి. అవి థైరాయిడ్ పరీక్ష లెక్కల్ని తారుమారు చేయగలవు.

ఇక మీరందరూ ఫోన్లలో చూస్తున్న రోజ్‌మేరీ నూనె. దీన్ని కొట్టిపారేయను. 2015లో ఇరాన్‌లో చేసిన ఒక పరీక్ష ఫలితం అచ్చయింది. వంశపారంపర్యంగా వచ్చే బట్టతల మొదలైన వంద మందిలో సగం మందికి రోజ్‌మేరీ నూనె, సగం మందికి 2 శాతం మినాక్సిడిల్ (బట్టతలకి డాక్టర్లు మాడుకి రాయమని ఇచ్చే మందు) ఇచ్చారు. మూడు నెలలప్పుడు రెండు జట్లలోనూ చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఆరు నెలలకి రెండింట్లోనూ వెంట్రుకల లెక్క పెరిగింది, రెండింటికీ మధ్య పెద్ద తేడా కనబడలేదు. దీన్నే "మందుతో సమానం" అని ఊరంతా చాటుతున్నారు. కానీ ఏమీ రాయని మూడో జట్టు ఆ పరీక్షలో లేదు. వంద మంది కూడా పెద్ద లెక్క కాదు. పైగా మీరు ఇంట్లో ఆకులు వేసి కాచుకునే నూనెకీ అక్కడ వాడినదానికీ ఒకే బలం ఉంటుందనుకోవడానికి లేదు. పుదీనా జాతి నూనె మినాక్సిడిల్ కంటే బాగా పనిచేసిందని ఇంకో వార్త తిరుగుతుంటుంది. అది ఎలుకల మీద చేసింది.

పేనుకొరుకుడు సంగతి వేరు. నాణెం పెట్టి గీసినట్టు గుండ్రంగా, నున్నగా ఊడిపోతుంది. పేను కొరకడం వల్ల వచ్చేది కాదది, ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున కుదుళ్ళ మీద పడటం వల్ల వస్తుంది. దీని మీద 1998లో స్కాట్లాండ్‌లో ఒక చక్కటి పరీక్ష జరిగింది. థైమ్, రోజ్‌మేరీ, లావెండర్, సెడార్‌వుడ్ నూనెలని జొజోబా, ద్రాక్షగింజల నూనెల్లో కలిపి ఏడు నెలలు రోజూ రాయిస్తే 44 శాతం మందికి గుణం కనిపించింది. ఆ నాలుగూ కలపకుండా ఉత్త నూనె రాసినవాళ్ళలో కూడా 15 శాతం మందికి కనిపించింది. ఆ రెండో లెక్క చూడండి. కొందరికి ఏం చేసినా చేయకపోయినా తిరిగి వస్తుంది. అయినా పేనుకొరుకుడుకి ముందు డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. మంట పుట్టేవి తెచ్చి అక్కడ రుద్దితే చర్మం కాలుతుంది, అంతే.

ఇంత చెప్పినా రాసి చూస్తామంటే రాయండి, నాకేం అభ్యంతరం లేదు. అయితే రోజ్‌మేరీ లాంటి గాఢమైన నూనెని సూటిగా మాడు మీద వేయొద్దు. ఒక టీస్పూను కొబ్బరినూనెకో ఇంకో మామూలు నూనెకో ఒకటి రెండు చుక్కలు, అంతకి మించొద్దు. ముందు మోచేతి మడతలో కొంచెం రాసి రెండు రోజులు చూడండి. దురద, ఎరుపు వస్తే అది మీకు పడదు. వేళ్ళ మెత్తటి భాగంతో రాయండి, గోళ్ళతో గీకొద్దు. రాత్రంతా ఉంచుకుంటే కొందరికి నుదుటి మీద మొటిమలు లేస్తాయి. చుండ్రు ఉన్నవాళ్ళు మాడుకి నూనె పెట్టకపోవడమే మేలు. చుండ్రుకి కారణమైన సూక్ష్మజీవి కొవ్వు తిని బతుకుతుంది, మీరు దానికి రోజూ విందు పెట్టినట్టవుతుంది. ఆముదం జుట్టు పెంచుతుందనడానికి గట్టి ఆధారమేదీ లేదు. పైగా జిగురెక్కువ. పొడుగు జుట్టుకి దట్టంగా పట్టిస్తే విప్పలేనంత చిక్కుపడి, కత్తిరించక తప్పని సందర్భాలు డాక్టర్లు రాసిపెట్టారు.

అబ్బాయిలూ, నుదురు రెండు మూలలూ వెనక్కి జరుగుతున్నాయంటే, ఇంట్లో నాన్నకో మామయ్యకో బట్టతల ఉంటే, నూనెల మీద ఏళ్ళు గడపకండి. అది మీ తప్పూ కాదు, టోపీ తప్పూ కాదు. మగ హార్మోను నుంచి తయారయ్యే ఒక పదార్థానికి కుదుళ్ళు ముడుచుకుపోవడం వల్ల జరిగేది. ముందుగా చూపించుకుంటే ఉన్నదాన్ని నిలుపుకునే దారులున్నాయి. పెద్దవాళ్ళు వాడే మందులు, ముఖ్యంగా మాత్రలు, మీ అంతట మీరు మొదలుపెట్టకూడదు. అమ్మాయిలకి నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలొస్తూ, నడినెత్తి పలచబడుతుంటే అదీ చూపించాల్సిందే. మాడు ఎర్రబడి పొలుసులు లేస్తున్నా, చీము కనిపించినా ఆలస్యం చేయొద్దు. గట్టిగా లాగి పోనీటెయిల్ కట్టేవాళ్ళు చెవుల పైన, నుదుటి అంచున ఓసారి వేలితో తడిమి చూసుకోండి. అక్కడ పలచబడుతుంటే ముందు ఆ ముడి వదులు చేయండి. ఏళ్ళ తరబడి లాగితే కుదురే చచ్చిపోతుంది.

ఫొటో పంపిన అమ్మాయికి: తెల్ల కాగితం మీద ఆ తెల్ల బొడిపెలు నాకు కనబడలేదు. ఈసారి నల్ల కాగితం మీద పెట్టి దగ్గరగా తీసి పంపు. వెంట్రుక కనబడకపోయినా ఫరవాలేదు. కిందటి మూడు నెలల్లో జ్వరమేమైనా వచ్చిందా, తిండి ఎలా తింటున్నావు, అది కూడా రాయి. ఫోన్ చేసిన అబ్బాయికి: నువ్వు టోపీ తీసి, నుదురు కనబడేలా ఒక ఫొటో పంపు. ఎవరికీ చూపించనులే.

మీ
అమ్మమ్మ