కాలేయానికి మచ్చ ఎవరు వేస్తారు? పరాన్నజీవులు, రోగనిరోధక స్పందన: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో పాథాలజిస్టుగా పనిచేస్తున్న నాకు కాలేయపు ముక్కలను సూక్ష్మదర్శిని కింద చూడడం నిత్యకృత్యం. వాటిలో ఒక ముక్కను మాత్రం మరచిపోలేను. సోంపేట ప్రాంతానికి చెందిన ఒక యువకుడు తూర్పు ఆఫ్రికాలో పెద్ద సరస్సు ఒడ్డున కొన్నేళ్లు పైపుల ఫిట్టరుగా పనిచేసి, ఇంటికి వచ్చిన రెండేళ్లకు ఉన్నట్టుండి రక్తం కక్కుకున్నాడు. జీవితంలో మద్యం ముట్టలేదని అతడు ఎంత చెప్పినా, మొదట చూసిన వైద్యుడితో సహా ఎవరూ నమ్మలేదట. మాసన్ ట్రైక్రోమ్ రంగు వేసి చూసినప్పుడు, రక్తనాళాల చుట్టూ దట్టమైన నీలిరంగు పట్టీలు కనిపించాయి. ఆ నీలిరంగు కొల్లాజెన్‌ది, అంటే మచ్చది. ఒక పట్టీ నడుమ, పక్కన చిన్న ముల్లు ఉన్న గుడ్డు పెంకు ఒకటి ముడతలు పడి మిగిలి ఉంది. అది షిస్టోసోమా మాన్సోని అనే పురుగు గుడ్డు. ఆ రిపోర్టు గురించి రోగులతో, బంధువులతో, కొన్నిసార్లు తోటి వైద్యులతో మాట్లాడినప్పుడు నాకు ఎదురైన అపోహలను ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: కాలేయం గట్టిపడిందంటే తాగుడే కారణం.

వాస్తవం: మద్యం ఒక ముఖ్య కారణమే కానీ ఏకైక కారణం కాదు. హెపటైటిస్ బి, సి వైరస్‌లు, కాలేయంలో కొవ్వు పేరుకోవడం, శరీరంలో రాగి లేదా ఇనుము నిల్వ ఉండిపోయే జన్యు వ్యాధులు, కొన్ని పరాన్నజీవులు కూడా ఆ పని చేయగలవు. తాగని మనిషిని తాగుబోతుగా ముద్రవేయడం వల్ల అతని పరువు పోవడమే కాదు, అసలు కారణాన్ని వెదకడం కూడా అక్కడితో ఆగిపోతుంది.

అపోహ: పురుగులు కాలేయాన్ని తినేస్తాయి, తిన్న చోట మచ్చ పడుతుంది.

వాస్తవం: ఇది కొంత నిజమే కానీ, అసలు సంగతి వేరే ఉంది. 1851లో కైరోలో థియోడర్ బిల్హార్జ్ తొలిసారి గుర్తించిన షిస్టోసోమా జాతి పురుగులు రక్తనాళాల్లో కాపురం ఉంటాయి. మాన్సోని రకం ఆడ, మగ పురుగులు జంటగా పేగుల నుంచి కాలేయానికి రక్తం తీసుకువెళ్లే సిరల్లో ఏళ్ల తరబడి జీవిస్తాయి. మన శరీరపు అణువులనే ఒంటికి పూసుకుని రోగనిరోధక వ్యవస్థ కళ్లుగప్పడం వల్ల, పెద్ద పురుగుల చుట్టూ చెప్పుకోదగ్గ గొడవేమీ జరగదు. చిక్కంతా గుడ్లతోనే వస్తుంది. ఒక ఆడ పురుగు రోజుకు సుమారు 300 గుడ్లు పెడుతుంది. వాటిలో దాదాపు సగం పేగు గోడను దాటి మలంలో బయటికి పోగా, మిగిలిన వాటిలో చాలా భాగం రక్తప్రవాహంతో కాలేయానికి కొట్టుకువచ్చి, ఆ సిరలన్నీ కలిసే పోర్టల్ సిర సన్నని కొమ్మల్లో ఇరుక్కుంటాయి. ఇంచుమించు 140 మైక్రోమీటర్ల పొడవుండే గుడ్డుకు అక్కడి నుంచి ముందుకు పోయే దారి ఉండదు.

ఇరుక్కున్న గుడ్డులోని పిల్లజీవి సుమారు మూడు వారాలు బతికి ఉండి, పెంకులోని సూక్ష్మరంధ్రాల గుండా ప్రొటీన్లను వదులుతూనే ఉంటుంది. ఆ ప్రొటీన్లను పసిగట్టిన టి-సహాయక కణాలు (రోగనిరోధక వ్యవస్థను నడిపించే తెల్ల రక్తకణాలు) ఇంటర్‌ల్యూకిన్-4, 5, 13 అనే రసాయన సంకేతాలను విడుదల చేస్తాయి. ఐదో నంబరు సంకేతం ఇసినోఫిల్ కణాలను గుంపులుగా రప్పిస్తుంది. మాక్రోఫేజ్‌లు, లింఫోసైట్లు అనే మరికొన్ని రోగనిరోధక కణాలు వాటితో చేరి గుడ్డు చుట్టూ గుండ్రని ముట్టడి కడతాయి. దీన్నే గ్రాన్యులోమా అంటాం. పదమూడో నంబరు సంకేతం కాలేయంలోని స్టెలేట్ కణాలకు అందుతుంది. మామూలు రోజుల్లో విటమిన్ ఎ ను దాచుకుని ప్రశాంతంగా ఉండే ఈ కణాలు, ఆ సంకేతం అందగానే రూపం మార్చుకుని కొల్లాజెన్ పోగులను ఉత్పత్తి చేయడం మొదలుపెడతాయి. మచ్చకు ముడిసరుకు ఇదే, దాన్ని తయారుచేసింది మన కణాలే.

మా నాగావళి కాలువల కింద సేద్యం చేసేవారికి నేను దీన్ని ఇలా చెబుతాను. పిల్ల కాలువకు గండి పడితే మట్టి వేసి పూడ్చడం మంచి పనే. అదే కాలువలో రోజూ వందల చోట్ల మట్టి వేస్తూ పోతే, చివరికి కాలువే పూడిపోయి నీరు వెనక్కి తన్నుతుంది, బలహీనమైన గట్టు ఎక్కడుంటే అక్కడ తెగుతుంది. కాలేయంలోకి పోలేని రక్తం పక్కదారి పట్టి, అన్నవాహికలోని సిరలు ఉబ్బి తెగి రక్తం కక్కుకోవడం సరిగ్గా అలాంటిదే. కోసిన కాలేయంలో ఈ మచ్చ పట్టీలు పొగాకు తాగే మట్టి పైపుల కాడల్లా తెల్లగా, గుండ్రంగా కనిపిస్తాయని 1904లో సిమ్మర్స్ అనే వైద్యుడు వర్ణించాడు. ఆ పోలికను ఇప్పటికీ వాడుతున్నాం.

పురుగు స్వయంగా గాయం చేసే సందర్భాలూ లేకపోలేదు. గేదెల్లో, పశువుల్లో కనిపించే కార్జపు జలగ, అంటే ఫాసియోలా, పిల్లగా ఉన్నప్పుడు కాలేయాన్ని తొలుచుకుంటూ పోతుంది, పెద్దదయ్యాక పైత్యనాళాల్లో స్థిరపడుతుంది. అయితే అక్కడ కూడా ఆ నాళాల గోడలు మందమై గట్టిపడడంలో శరీరం చూపే దీర్ఘకాలపు వాపు స్పందనదే పెద్ద పాత్ర. ముదిరిన పశువు కార్జాన్ని కోసేటప్పుడు కత్తి కింద కరకరమంటుంది, ఎందుకంటే ఆ గోడల్లో సున్నం కూడా పేరుకుని ఉంటుంది.

అపోహ: రోగనిరోధక శక్తి ఎంత పెరిగితే అంత మేలు, లేదా దాన్ని అణిచేస్తే మచ్చే పడదు.

వాస్తవం: ఈ రెండూ పరస్పర విరుద్ధమైన మాటలు, రెండూ తప్పే. శక్తిని పెంచుతాయంటూ అమ్మే పొడులకూ లేహ్యాలకూ ఈ మచ్చను ఆపే సామర్థ్యం లేదు. ఇక్కడ స్పందన తక్కువై కాదు, ఆగకపోవడం వల్ల నష్టం జరుగుతోంది. అలాగని దాన్ని పూర్తిగా తీసేయలేం. టి-కణాలు లేని ఎలుకలకు ఈ పురుగును సోకించినప్పుడు గ్రాన్యులోమాలు సరిగా ఏర్పడలేదు, గుడ్ల నుంచి వెలువడిన విషపదార్థాలు చుట్టూ ఉన్న కాలేయ కణాలను నేరుగా దెబ్బతీశాయి. అంటే ఆ ముట్టడి మనకు కవచం కూడా. శరీరం కూడా తన వంతుగా దాన్ని సర్దుకుంటుంది. ఇంటర్‌ల్యూకిన్-10 ఉద్రేకాన్ని తగ్గిస్తుంది, గామా ఇంటర్‌ఫెరాన్ మచ్చ పెరుగుదలకు అడ్డుపడుతుంది, కొత్తగా ఏర్పడే గ్రాన్యులోమాలు కాలం గడిచేకొద్దీ చిన్నవవుతాయి. సోకినవారిలో కొద్దిమందికి మాత్రమే తీవ్రమైన మచ్చ పడడానికి గుడ్ల సంఖ్య, సోకి ఎన్నేళ్లయింది అన్నదానితో పాటు, వారసత్వంగా వచ్చే ఈ సర్దుబాటులోని తేడాలూ కారణమే. అందుకే వైద్యుడు చెప్పకుండా రోగనిరోధక స్పందనను అణిచే స్టెరాయిడ్లు మింగవద్దని గట్టిగా కోరుతున్నాను.

అపోహ: కాలేయ పరీక్షలు మామూలుగా ఉన్నాయి కాబట్టి కాలేయం బాగున్నట్టే.

వాస్తవం: ఎస్‌జీపీటీ వంటి రక్తపరీక్షలు కాలేయ కణాలు చనిపోతున్నాయో లేదో చెబుతాయి. షిస్టోసోమా మచ్చ రక్తనాళాల చుట్టూ పడుతుంది, కణాలను చాలాకాలం ముట్టదు. అందువల్ల రక్తపరీక్షలో బిలిరుబిన్, అల్బుమిన్ అన్నీ సవ్యంగా ఉండగానే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగిపోతుంది. ప్లీహం ఉబ్బడం, ప్లేట్‌లెట్లు తగ్గడం ముందుగా అనుమానించవలసిన సూచనలు. మా పెద్దవాళ్లు 'కడుపులో బల్ల' అనే ఎడమవైపు గట్టిదనాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మా ఏజెన్సీ గ్రామాల్లో దానికి మలేరియా కూడా కారణం కావచ్చు కాబట్టి, మలేరియా కోసం రక్తపు చుక్క పరీక్షతో పాటు అల్ట్రాసౌండ్ కూడా అవసరం.

అపోహ: బడిలో నులిపురుగుల మాత్ర వేయించాం, అన్ని పురుగులూ పోతాయి.

వాస్తవం: ఆ మాత్ర, అంటే ఆల్బెండజోల్, పేగులోని ఏలికపాములు, కొంకిపురుగుల వంటి వాటి కోసం. షిస్టోసోమాకు ప్రాజిక్వాంటెల్, కార్జపు జలగకు ట్రైక్లాబెండజోల్ వాడతారు. ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు.

అపోహ: ఒకసారి పడిన మచ్చ ఇక పోదు.

వాస్తవం: ప్రాజిక్వాంటెల్ పెద్ద పురుగులను చంపుతుంది, కాలేయంలో ఇరుక్కున్న గుడ్లను తొలగించదు. అయితే కొత్త గుడ్ల రాక ఆగుతుంది. అప్పటికే ఉన్నవి కొన్ని వారాల్లో చచ్చిపోతాయి, రెచ్చగొట్టేది లేకపోతే స్టెలేట్ కణాలు సద్దుమణుగుతాయి, కొల్లాజెన్ కొంత కరుగుతుంది. పిల్లల్లో, తొలిదశలో ఈ మెరుగుదల స్పష్టంగా ఉంటుంది. ముదిరిన మచ్చ పూర్తిగా పోకపోవచ్చు, దానికి నెలలు, ఏళ్లు పడతాయి. రెచ్చగొట్టడం త్వరగా ఆగితే కాలేయం ఎంతగా కోలుకుంటుందో మా ప్రాంతంలో కనిపించే, అమీబా అనే పరాన్నజీవి వల్ల కాలేయంలో వచ్చే చీముగడ్డలే చెబుతాయి. పిడికిలంత గడ్డ కూడా సరైన మందుతో మానిపోయి, సాధారణంగా మచ్చ మిగలకుండా కాలేయం మళ్లీ నిండుతుంది.

అపోహ: ఈ షిస్టోసోమా జబ్బు మన దేశానికి సంబంధించింది కాదు.

వాస్తవం: మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లా గిమ్వి గ్రామంలో మూత్రాశయానికి సోకే రకాన్ని 1950లలోనే గుర్తించారు. అయినా మన దగ్గర ఇది అరుదే. కానీ ఇచ్ఛాపురం, కవిటి, పలాస ప్రాంతాల నుంచి ఎందరో విదేశాలకు పనికి వెళుతున్నారు. పిల్లజీవులు మంచినీటి నత్తల నుంచి విడుదలై, నీటిలో నిలబడిన మనిషి చర్మాన్ని తొలుచుకుని లోపలికి వస్తాయి. ఉప్పునీటిలో అవి బతకవు కాబట్టి సముద్రంలో వేటకు వెళ్లే మా మత్స్యకారులకు ఆ వేటతో ముప్పు లేదు. ఆఫ్రికాలో సరస్సులోనో కాలువలోనో స్నానం చేసినవారు, చేపలు పట్టినవారు, పని కోసం నడుముల్లోతు నీటిలో దిగినవారు తిరిగొచ్చి ఎన్నేళ్లయినా సరే, వైద్యుడు అడగకపోయినా ఆ సంగతి చెప్పాలి. సోంపేట యువకుడిని ఆ ప్రశ్న మొదటిసారి అడిగింది అతని కాలేయపు ముక్క నా బల్లమీదికి వచ్చాకే.