అటకెక్కిన డిస్కులు మళ్లీ ఎలా దిగొచ్చాయి?

1982లో కలకత్తాలోని మెగాఫోన్ కంపెనీ ‘డిస్కో జాజ్’ అనే ఎల్‌పీ (పెద్ద గ్రామఫోన్ డిస్కు) ఒకటి విడుదల చేసింది. అట్ట మీద గాయని పేరు రెండక్షరాలే, రూపా. లోపల మొత్తం నాలుగు ట్రాకులు. వాటిలో ఒకటి పది నిమిషాలు దాటి సాగుతుంది. ఒక పక్క సరోద్, తబలా, ఇంకో పక్క ఎలక్ట్రిక్ గిటార్, సింథసైజర్, మధ్యలో ఏ తొందరా లేనట్టు బెంగాలీలోనూ హిందీలోనూ పాడే ఓ అమ్మాయి గొంతు. ఆ డిస్కును ఎవరూ పెద్దగా కొనలేదు. రూపా బిశ్వాస్ మళ్లీ అలాంటి ఆల్బమ్ చేయలేదు. పెళ్లయింది, కొడుకు పుట్టాడు, ఆ ఎల్‌పీ ఇంట్లో పాత సామాన్లలో కలిసిపోయింది.

దాదాపు నలభై ఏళ్ల తర్వాత కొడుకు కంట అది పడింది. ఇదేంటా అని ఇంటర్నెట్‌లో వెతికితే, ఆ పాటల్ని యూట్యూబ్‌లో లక్షలమంది వింటున్నారని, పాత కాపీ ఒక్కోటి వందల డాలర్లు పలుకుతోందని తెలిసింది. ఆ సంగతి పాడిన మనిషికి చెప్పినవాళ్లే లేరు. 2019లో షికాగోకు చెందిన న్యూమరో గ్రూప్ అనే సంస్థ ఆ ఆల్బమ్‌ను మళ్లీ అచ్చువేసింది.

ఇలాంటి కథ ఎక్కడ వచ్చినా ‘మరిచిపోయిన గాయని’ అని హెడ్డింగు పెడతారు. నాకు ఆ మాట మీదే అభ్యంతరం. మరిచిపోవాలంటే ముందు విని ఉండాలి కదా! రూపాను జనం విని, నచ్చక పక్కన పెట్టలేదు. ఆమె పాట వాళ్ల చెవిదాకా రానేలేదు. అది రాకపోవడానికి ఒక కారణం ఉంది, ఇప్పుడు రావడానికి ఇంకో కారణం ఉంది. ఆ రెండింటిలోనూ పాట బాగోగుల పాత్ర మనం అనుకున్నంత లేదు.

ఆల్బమ్ పుట్టిన తీరు చూడండి. 1981లో రూపా కెనడాలోని కాల్గరీలో ఉంటున్న అన్నయ్య ఇంటికి వెళ్లారు. అక్కడి యూనివర్సిటీలో ఒక కచేరీ చేశారు. సరోద్ విద్వాంసుడు ఆశిష్ ఖాన్‌కు ఆ గొంతు నచ్చింది. ఆయన అల్లావుద్దీన్ ఖాన్ మనవడు, అలీ అక్బర్ ఖాన్ కొడుకు. అంటే మైహర్ ఘరానా అనే పేరున్న హిందుస్తానీ సంగీత సంప్రదాయం నడింట్లో పుట్టినవాడు. అలాంటాయన డిస్కో రికార్డు చేద్దామనడం ఇప్పుడు వింతగా అనిపిస్తుంది గానీ, అప్పటికే పదేళ్లుగా పాశ్చాత్య వాద్యకారులతో కలిసి వాయిస్తున్న మనిషాయన. తబలాకు తమ్ముడు ప్రాణేశ్ ఖాన్, గిటార్‌కు, డ్రమ్స్‌కు కాల్గరీలోని స్థానిక వాద్యకారులు. మొత్తానికి కెనడాలో రికార్డింగు, అమ్మకం కలకత్తాలో. తయారుచేసిన వాళ్లంతా సముద్రాల అవతల ఉంటే, షాపులవాళ్ల వెంటపడి డిస్కు పెట్టించేదెవరు?

దానికి తోడు అది వచ్చిన ఏడాది. అంతకు ముందు సంవత్సరమే, 1981లో, కరాచీ అమ్మాయి నాజియా హసన్ తమ్ముడు జోహెబ్‌తో కలిసి పాడిన ‘డిస్కో దీవానే’ ఉపఖండాన్నంతా ఊపేసింది. దానికి సంగీతం బిడ్డూది. బెంగళూరులో పుట్టి, లండన్ వెళ్లి, 1974లో ‘కుంగ్‌ఫూ ఫైటింగ్’తో ప్రపంచాన్ని గంతులు వేయించిన ఆ బిడ్డూనే. అయితే ఒక చిన్న విషయం గమనించాలి. నాజియా నేరుగా ఆల్బమ్‌తో రాలేదు. 1980లో ‘కుర్బానీ’ సినిమాలో జీనత్ అమన్ మీద చిత్రించిన పాటతో వచ్చింది. పదిహేనేళ్లకే ఫిల్మ్‌ఫేర్ అవార్డు అందుకుంది. సినిమా తలుపు తీసింది, ఆల్బమ్ లోపలికి నడిచింది. రూపాకు ఆ తలుపు తీసేవాళ్లు లేరు.

మన దేశంలో పాప్ ఆల్బమ్‌ల చరిత్ర మొత్తం ఈ తలుపు దగ్గరే తిరుగుతుంది. సినిమా పాటకు థియేటరే ప్రచారం, పోస్టరే ప్రచారం, హీరో హీరోయిన్లే ప్రచారం. సినిమాది కాని పాటను తెలుగులో ‘ప్రైవేటు పాట’ అనేవాళ్లు. ఆ పేరులోనే ఉంది చూడండి, అసలు పాట ఇంకెక్కడో ఉన్నట్టు! ఘంటసాల పాడిన కరుణశ్రీ పద్యాల్లాంటివి ఇంటింటా నిలిచాయంటే, అప్పటికే ఆ గొంతు సినిమాల ద్వారా ఇంటింటికీ చేరి ఉండటం అందుకు చిన్న కారణం కాదు.

ఇక రేడియో. 1950ల్లో కేంద్ర మంత్రి బి.వి.కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటల్ని దాదాపు బయటికి నెట్టింది. జనం రేడియో సిలోన్‌కు తిప్పేశారు. చివరికి 1957లో వివిధభారతి పెట్టక తప్పలేదు. ఆ తర్వాత లెక్క కుదిరిపోయింది. వివిధభారతికి సినిమా పాట, ఆకాశవాణి కేంద్రాలకు సొంత కళాకారులు పాడిన లలిత గీతం. మరి డిస్కో ఎల్‌పీ ఎందులో వేస్తారు? శాస్త్రీయం కాదు, లలితం కాదు, సినిమా అసలే కాదు. టీవీ అంటే దూరదర్శన్ ఒక్కటే, దానికి రంగులు వచ్చిందే 1982లో. రూపా ఆల్బమ్ అప్పట్లో వినాలంటే ఎవరైనా షాపుకు వెళ్లి, పేరు తెలియని గాయని ఎల్‌పీ డబ్బులు పెట్టి కొనాలి. మధ్యతరగతి ఇళ్లలో అది జరిగే పని కాదు.

వెంటనే క్యాసెట్ల కాలం వచ్చేసింది. టీ-సిరీస్ లాంటి కంపెనీలు చవక క్యాసెట్లతో ఊరూరా ముంచెత్తాయి. రికార్డ్ ప్లేయర్లు మూలపడ్డాయి, డిస్కులు తూకానికి పోయాయి. ఎల్‌పీగా వచ్చి క్యాసెట్‌గా పెద్దగా తిరగని ఆల్బమ్‌కు అక్కడితో రెండో చావు.

ఇదంతా మన దగ్గరే జరిగిందనుకుంటే పొరపాటు. సినిమా పెత్తనం లేని దేశాల్లోనూ గాయనీగాయకులు ఇలాగే మునిగిపోయారు, కారణాలే వేరు. ఇంగ్లండ్‌లో వాష్టీ బన్యన్ 1970 చివర్లో ‘జస్ట్ అనదర్ డైమండ్ డే’ విడుదల చేశారు. గుర్రబ్బండి కట్టుకుని లండన్ నుంచి స్కాట్లండ్ పడమటి దీవులకు వెళ్లిన ప్రయాణంలో రాసుకున్న పాటలవి. కొన్ని వందల కాపీలు అమ్ముడుపోయాయేమో. ఆమె గిటార్ పక్కన పెట్టి పిల్లల్ని పెంచుకున్నారు. 1990ల చివర్లో ఇంట్లోకి కంప్యూటర్ వచ్చాక తన పేరు తనే టైప్ చేసి చూసుకుంటే, ఎవరెవరో తన రికార్డు కోసం వెతుకుతున్నారు. 2000లో అది మళ్లీ వచ్చింది. 2005లో రెండో ఆల్బమ్. రెండింటి మధ్య ముప్ఫై అయిదేళ్లు!

డెట్రాయిట్ గాయకుడు రోడ్రిగెజ్ కథ అందరికీ తెలిసిందే, 2013లో ఆస్కార్ అందుకున్న డాక్యుమెంటరీ పుణ్యమా అని. 1970లో వచ్చిన ఆయన ‘కోల్డ్ ఫ్యాక్ట్’ అమెరికాలో బోల్తా కొట్టింది. ఆయన పాత ఇళ్లు కూల్చే, బాగుచేసే కూలి పనుల్లోకి వెళ్లిపోయారు. దక్షిణాఫ్రికాలో మాత్రం అదే ఆల్బమ్ తెల్లజాతి కుర్రకారుకు కంఠతా వచ్చేంతగా ప్రచారమైంది. ఆయన స్టేజీ మీదే తన ప్రాణం తానే తీసుకున్నాడని అక్కడ పుకారు. 1997లో అభిమానులు పెట్టిన వెబ్‌సైట్ ఆయన కూతురి కంట పడటంతో మనిషి బతికే ఉన్నాడని తేలింది. మరుసటి ఏడాది అక్కడ కచేరీలు చేశారు. సినిమా చెప్పని ముక్క ఒకటుంది. ఆయన 1979లో, 1981లో ఆస్ట్రేలియా వెళ్లి పెద్ద హాళ్లలో పాడి వచ్చారు. పూర్తిగా అజ్ఞాతంలో ఉన్న మనిషి కాదన్నమాట. ‘మరిచిపోయిన’ అనే మాట కథకు రుచి తెస్తుంది కాబట్టి అడ్డొచ్చే వివరాల్ని పక్కకు నెట్టేస్తారు. ఎవరు మరిచిపోయారు అని అడిగితే, చాలాసార్లు జవాబు అమెరికా అనే వస్తుంది.

తిరిగి రావడానికి మొదట దారి వేసింది పాత డిస్కుల పిచ్చోళ్లు. ముంబై చోర్ బజార్‌లో, లండన్, న్యూయార్క్ పాత సామాన్ల షాపుల్లో దుమ్ములో చేతులు పెట్టి ఏరుకునేవాళ్లు. వాళ్లలో డీజేలు ఎక్కువ. పక్కవాడి దగ్గర లేని బీట్ తన దగ్గర ఉండాలన్న తపన వాళ్లది. అందుకే ‘డిస్కో జాజ్’ లాంటివి గజల్స్ కన్నా, భజనల కన్నా ముందు దొరికాయి. తర్వాత పాత ఆల్బమ్‌లను మళ్లీ అచ్చువేసే రీఇష్యూ కంపెనీలు వచ్చాయి. సియాటిల్‌లో లైట్ ఇన్ ది ఆటిక్ 2002లో మొదలైంది, న్యూమరో గ్రూప్ 2003లో. మొదటిదాని పేరుకు అర్థమే ‘అటక మీద దీపం’. రోడ్రిగెజ్‌ను 2008లో అమెరికాకు మళ్లీ పరిచయం చేసింది వాళ్లే. గాయనిని వెతికి పట్టుకోవడం, హక్కు ఎవరిదో తేల్చడం, మాస్టర్ టేపు, అంటే డిస్కులకు మూలమైన అసలు రికార్డింగు, కోసం తిరగడం వాళ్ల పని. టేపు దొరక్కపోతే ఉన్నవాటిలో గీతలు తక్కువున్న డిస్కునే తిప్పి, చిటపటలు తీసేసి, దాన్నుంచే కొత్త మాస్టర్ చేస్తారు.

ఆ తర్వాతది మనిషి చేతిలో లేని దారి. 2017 నుంచి యూట్యూబ్ ఉన్నట్టుండి ప్రపంచమంతటికీ ఒక జపాన్ పాటను సూచించడం మొదలుపెట్టింది. మారియా తకెయుచి 1984లో పాడిన ‘ప్లాస్టిక్ లవ్’ అది. ఎందుకు సూచించిందో పెట్టినవాడికీ తెలియదు. ఆమె జపాన్‌లో ఎప్పుడూ పెద్ద స్టారే, మరుగున పడిందేమీ లేదు. కానీ ఆ ఊపులో అప్పటి జపాన్ ‘సిటీ పాప్’ అంతా తవ్వి తీశారు. అలా పైకొచ్చిందే మికి మత్సుబరా 1979లో పాడిన ‘మయోనకా నో డోర్’. 2020లో ఒక ఇండోనేషియా అమ్మాయి దాన్ని పాడి యూట్యూబ్‌లో పెట్టింది. టిక్‌టాక్‌లో పిల్లలు ఆ పాట పెట్టి, వాళ్లమ్మల ముఖాల్లో వచ్చే వెలుగును వీడియో తీశారు. ఆ డిసెంబర్‌లో అది స్పాటిఫై ప్రపంచ వైరల్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. మికి అప్పటికి పదహారేళ్ల కిందటే, 2004లో, క్యాన్సర్‌తో చనిపోయారు. వయసు 44.

మరి డబ్బు? ఇక్కడే కథ చేదెక్కుతుంది. రోడ్రిగెజ్ రికార్డులు దక్షిణాఫ్రికాలో అన్నేళ్లు అమ్ముడుపోతుంటే పైసలు ఎటు పోయాయన్నది డాక్యుమెంటరీలోనే తేలని ప్రశ్న. తర్వాత కోర్టుకూ ఎక్కింది. మన దగ్గర గాయకులకు రాయల్టీ అన్నదే పాత తగాదా. 1960ల్లో లతా మంగేష్కర్ ఉండాలన్నారు, పాడినందుకు డబ్బు తీసుకున్నాక ఇంకేం హక్కు అని మహమ్మద్ రఫీ అన్నారు. ఇద్దరూ కొన్నేళ్లు కలిసి పాడలేదు. చట్టం ఆ వాదనను పట్టించుకోవడానికి 2012 దాకా పట్టింది. ఆ ఏడాది కాపీరైట్ చట్ట సవరణతో పాట రాసినవాళ్లకు, స్వరపరిచినవాళ్లకు వదులుకోవడానికి వీల్లేని రాయల్టీ హక్కు వచ్చింది. వాణిజ్యంగా వాడితే గాయకులకూ వాటా ఉందన్నారు.

కానీ రికార్డింగు మీద హక్కు మామూలుగా దాన్ని తీయించిన నిర్మాతదే, అదీ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఆ లెక్కన 1982 నాటి రికార్డింగు మన దేశంలో 2042 చివరిదాకా ఎవరిదో ఒకరిది. ఎవరిదన్నదే చిక్కు. కంపెనీ మూతపడి, కాగితాలు చెదలు తినేసి ఉంటే, బాధ్యతగా పనిచేసే రీఇష్యూ సంస్థ వెనక్కి తగ్గుతుంది. లెక్కచేయనివాడు దొంగ అచ్చు వేసి అమ్ముకుంటాడు. హక్కుదారు దొరకని రచనలకు లైసెన్సు ఇచ్చే దారి చట్టంలో ఉంది గానీ, నాలుగొందల కాపీలు అమ్ముకునే చిన్న సంస్థ ఆ దారిలో ఎంత దూరం నడుస్తుంది?

తెలుగు సంగతికి వస్తే ఇంకో మెలిక. మన ప్రైవేటు పాప్ ఊపందుకున్నది 1990ల్లో, శాటిలైట్ ఛానళ్లు వచ్చాక. 1995లో అలీషా చినాయ్ ‘మేడ్ ఇన్ ఇండియా’ దేశాన్ని ఊపేసింది, దాని వెనకా మళ్లీ బిడ్డూనే. తెలుగులో రమణ గోగుల ‘ఆయే లైలా’ వచ్చింది ఆ దశకంలోనే. ఆ తర్వాత ఆయన్ని సినిమా తీసేసుకుంది. 2025 సంక్రాంతికి ‘గోదారి గట్టు’ పాటతో ఆ గొంతు తిరిగొస్తే, కొత్త పిల్లలు ఎవరీయన అని వెతుక్కున్నారు. ఆయనకు కనీసం సినిమాలున్నాయి. ఒక్క ఆల్బమ్‌తో ఆగిపోయినవాళ్లకు అవీ లేవు. పైగా వాళ్లవి వచ్చింది ఎక్కువగా క్యాసెట్ల మీద. విదేశీ డీజేలు వెతికేది డిస్కులు. 1990ల తెలుగు క్యాసెట్ కోసం కోఠీ దాకా వచ్చే డీజే ఎవరూ లేరు.

డిస్కు నలభై ఏళ్లు దుమ్ములో పడున్నా కడిగితే పాడుతుంది. క్యాసెట్ అలా కాదు. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో టేపు అంచుల మీద తెల్లగా బూజు పడుతుంది, పాట నమోదై ఉండే పూత పట్టు వదిలేస్తుంది. మీ ఇంట్లో అలాంటి పాత ప్రైవేటు క్యాసెట్ కనబడితే ఆత్రంగా ప్లేయర్‌లో పెట్టి నొక్కకండి. పూత ఊడి ప్లేయర్‌లో టేపును చదివే హెడ్‌కు అంటుకుపోతే ఆ పాట అక్కడితో సరి. ముందు లోపలి అట్ట కాగితాన్ని రెండు వైపులా ఫోటో తీసి పెట్టండి. ఎవరు పాడారో, ఎవరు వాయించారో రాసున్నది చాలాసార్లు ఆ ఒక్క కాగితం మీదే.