రోడ్డు కింద ఒక ఊరు

ప్రియమైన పిల్లలకు, తాతయ్య ఆశీస్సులు.

అమెరికా తూర్పు తీరాన బాల్టిమోర్ దగ్గర ఐ-70 హైవే మొదలయ్యే చోట ఒక దూరాల బోర్డు పెట్టారు. అందులో కొలంబస్, సెయింట్ లూయిస్, డెన్వర్ లాంటి పెద్ద ఊళ్లున్నాయి. అన్నిటికన్నా కింద కోవ్ ఫోర్ట్, 2,200 మైళ్లు అని రాశారు. అది ఊరు కూడా కాదు, యూటా రాష్ట్రంలో ముదురు రంగు లావా రాళ్లతో కట్టిన చిన్న కోట. అంత పెద్ద రోడ్డు వేసి తీసుకెళ్లి అక్కడెందుకు ఆపారని మొన్న ఫోన్లో అడిగారు కదా, తీరిగ్గా రాస్తున్నాను.

ఆ కోటని 1867లో మోర్మన్లు అనే మతశాఖ వాళ్లు కట్టారు. ఫిల్మోర్, బీవర్ అనే రెండు ఊళ్ల మధ్య దూరం గుర్రబ్బండికి ఒక్క రోజులో తెమిలేది కాదు. అందుకని నడిమధ్యలో ఒక మజిలీ కట్టమని వాళ్ల పెద్ద బ్రిగమ్ యంగ్, ఐరా హింక్లీ అనే ఆయనకి పురమాయించాడు. పన్నెండు గదులు, టెలిగ్రాఫ్, టపా, బండి దిగినవాళ్లకి ఇంత భోజనం, పడక. మన సత్రం లాంటిదే, చుట్టూ కోట గోడ ఉందంతే.

ఇక హైవేల సంగతి. 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 41,000 మైళ్ల రోడ్ల చట్టం మీద సంతకం చేశాడు. యూటా దారులు ఆయనకి ముందే తెలుసు. 1919లో, ఇంకా కుర్ర సైనికాధికారిగా ఉన్నప్పుడు, మిలిటరీ ట్రక్కులతో పాటు వాషింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా వెళ్లాడు. 62 రోజులు పట్టింది. యూటా ఉప్పు ఎడారిలో ట్రక్కులు దిగబడిపోతే సైనికులే పట్టి లాగాల్సి వచ్చింది.

మొదటి ప్లానులో ఐ-70 డెన్వర్‌తోనే సరి. పడమటికి పొడిగించాల్సిందేనని డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్రం పట్టుబట్టింది. అది తమ రాజధాని సాల్ట్ లేక్ సిటీకే వస్తుందని యూటా వాళ్లు ఆశపడ్డారు. మిలిటరీ వాళ్లు మాత్రం దక్షిణ కాలిఫోర్నియాకి దగ్గరి దారి కావాలన్నారు. చివరికి 1957లో మ్యాపులో గీత కోవ్ ఫోర్ట్ మీదికి తిరిగింది. పాత బండ్ల బాట వెంబడి వచ్చే ఐ-15 అనే ఇంకో హైవే అక్కడే కలుస్తుంది మరి. మధ్యలో శాన్ రఫేల్ స్వెల్ అనే రాతి కొండలున్నాయి. అక్కడ ఒక లోయ ఎంత ఇరుకంటే, సర్వే వాళ్లు చేతులు చాపితే రెండు గోడలూ తగిలేవట! ఆ గోడలు పేల్చి 1970లో దారి తెరిచారు. ఈ రోజుకీ గ్రీన్ రివర్ నుంచి సెలైనా దాకా దాదాపు 170 కిలోమీటర్లు ఒక్క పెట్రోలు బంకు కూడా ఉండదు.

మీకు అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పాలనుకున్నది క్లియర్ క్రీక్ లోయ గురించి. 1983లో అక్కడ ఐ-70 పని జరుగుతుంటే ఒక కొండ మీద ఫ్రీమాంట్ అనే పాతకాలపు ఆదివాసుల ఊరు బయటపడింది. వాళ్లు సుమారు వెయ్యేళ్ల కిందటివాళ్లు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకునేవాళ్లు. సగం నేలలోకి తవ్విన గుంటల ఇళ్లు, గింజలు దాచుకునే గాదెలు, బూడిద రంగు కుండలు. ఫ్రీమాంట్ ఊళ్లలో ఇంత పెద్దది అప్పటిదాకా దొరకలేదు. పురావస్తు పరిశోధకులు హడావుడిగా తవ్వి, దొరికినవన్నీ జాగ్రత్త చేశారు. ఆ తర్వాత ఆ కొండ మట్టిని రోడ్డు గట్టుకి పోసేశారు.

నేను ముప్ఫై ఏళ్లు రోడ్ల పని చేసినవాణ్ని. కొండ కనిపిస్తే చాలు, ఇందులో ఎన్ని ట్రిప్పుల మట్టి ఉంది, ఎన్ని కిలోమీటర్ల ఫిల్లింగ్‌కి సరిపోతుంది అని మనసు లెక్కలు వేసేది. మట్టి గట్టిదేనా అని పిడికిట్లో నొక్కి చూసేవాణ్ని తప్ప, అందులో పెంకు ముక్కలున్నాయా అని ఒక్కసారి కూడా వెతకలేదు. క్లియర్ క్రీక్ గురించి తెలిసిన రోజు రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఆ కుండలూ పనిముట్లూ ఎక్కడికీ పోకుండా అక్కడే మ్యూజియం కట్టి 1987లో తెరిచారు. వేసవిలో మీ నాన్న ఆ దారిన తీసుకెళ్తానన్నాడు. ఎగ్జిట్ 17 దగ్గర దిగమని చెప్పండి. కుండలు చూశాక, ఆ కొండ ఎక్కడుండేదో అక్కడివాళ్లని అడిగి, అటు తిరిగి కాసేపు నిలబడండి. ఏం కనిపించిందో నాకు రాయండి.

మీ తాతయ్య