ఆవిరి కాని ద్రవాల గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన పిల్లలందరికీ ఆశీస్సులు.

ఈ ఏడాది మీలో కొందరు ప్రయోగశాలలో అయానిక ద్రవాలతో పని మొదలుపెడుతున్నారని తెలిసి సంతోషించాను. "వాసన ఉండదు, ఆవిరి కాదు, నిప్పు అంటుకోదు, మరి వీటితో భయమెందుకు తాతయ్యా?" అని అడిగారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. అయితే ఆ కొంత నిజాన్ని పూర్తి నిజమని నమ్మి ఏమరుపాటుగా ఉండేవాళ్లను చూసినప్పుడల్లా నాకు గుబులు పుడుతుంది. అందుకే తీరిక చేసుకుని వివరంగా రాస్తున్నాను.

మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, ద్రవంగా మారాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. దానిలోని అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, చిన్నవి, గుండ్రనివి కావడం వల్ల బారులు తీరి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. కాటయాన్, అంటే ధనావేశం ఉన్న అయాన్, పెద్దదిగా, సౌష్ఠవం లేని ఆకారంలో ఉంటే ఆ బారులు సరిగా కుదరవు, పట్టు సడలుతుంది, లవణం తక్కువ వేడికే ద్రవమవుతుంది. అలా 100 డిగ్రీల లోపే ద్రవంగా మారే లవణాలను అయానిక ద్రవాలు అంటారు. రసాయన శాస్త్రవేత్త పాల్ వాల్డెన్ 1914లో వర్ణించిన ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ 12 డిగ్రీలకే కరుగుతుంది. గాలిలో, తేమలో నిలకడగా ఉండే ఇమిడజోలియం లవణాలను (నత్రజని ఉన్న వలయాకారపు కాటయాన్‌తో ఏర్పడే లవణాలు ఇవి) 1992లో శాస్త్రవేత్తలు విల్క్స్, జవరోట్కో ప్రకటించాక వీటి వాడకం బాగా విస్తరించింది.

ద్రవంగా మారినా అయాన్ల మధ్య ఆకర్షణ బలంగానే ఉంటుంది కాబట్టి, గది ఉష్ణోగ్రత వద్ద వీటి నుంచి ఆవిరి దాదాపుగా రాదు. ఈథర్, అసిటోన్ వంటి ద్రావణులతో ఎప్పుడూ ఉండే రెండు ప్రమాదాలు, అంటే ఆవిరిని పీల్చడం, ఆ ఆవిరికి నిప్పంటుకోవడం, ఇక్కడ బాగా తగ్గుతాయి. ఇది నిజమైన మేలే, దాన్ని నేను కాదనను. కానీ బాగా వేడిచేస్తే ఇవి విచ్ఛిన్నమవుతాయి, అప్పుడు వెలువడే వాయువులు మండగలవు, విషపూరితమూ కావచ్చు. కొన్ని అయానిక ద్రవాలను అతి తక్కువ పీడనంలో వేడిచేసి స్వేదనం కూడా చేయవచ్చని 2006లో నిరూపించారు. కనుక "ఆవిరి కాదు" అన్న మాట గది ఉష్ణోగ్రతకు సంబంధించినదేనని గుర్తుంచుకోండి.

ఆవిరి కాకపోవడంలోనే ఇంకో చిక్కు ఉంది. బల్లమీద ఒలికిన అసిటోన్ కొద్ది నిమిషాల్లో ఎగిరిపోతుంది. అయానిక ద్రవం చుక్క మాత్రం ఎవరో ఒకరు తుడిచేదాకా వారాల తరబడి అక్కడే ఉంటుంది. చాలావాటికి రంగూ వాసనా ఉండవు, తేనెలా చిక్కగా ఉండి పలుచని పొరగా పరుచుకుంటాయి. ఆ పొర మీద మీరు నోటుపుస్తకం పెడతారు. అట్టకు అంటుకున్నది చేతికి, చేతి నుంచి కలానికి, కలం నుంచి ముఖానికి చేరుతుంది. మీకు దారిలో ఎక్కడా అనుమానమే రాదు. ముక్కు హెచ్చరించని పదార్థం విషయంలో కన్ను, చెయ్యి రెట్టింపు జాగ్రత్తగా ఉండాలి. అందుకే గ్లౌజు వేసుకున్న చేత్తో తలుపు పిడిని, ఫోనును, కంప్యూటర్ కీబోర్డును ముట్టుకోవద్దు. చుక్క పడిందని అనుమానం వస్తే చాలు, గ్లౌజు మార్చండి. పలుచని నైట్రైల్ గ్లౌజు చిందిన చుక్కల నుంచి కొంతసేపు కాపాడుతుందే గాని, గంటల తరబడి తడిసి ఉంటే కాపాడుతుందని నమ్మకూడదు.

ఇప్పుడు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్న విషయానికి వస్తాను. అయానిక ద్రవాలన్నిటికీ ఒకే స్వభావం ఉండదు. కాటయాన్ ఏది, ఆనయాన్ (రుణావేశం ఉన్న అయాన్) ఏది అన్నదాన్ని బట్టి ప్రమాదం మారిపోతుంది. ఉదాహరణకు బ్యుటైల్ మిథైల్ ఇమిడజోలియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్‌ను తీసుకోండి. ఇది నీటిలో కలవదు, నీటికన్నా బరువు కాబట్టి అడుగున వేరే పొరగా నిలుస్తుంది. చూడటానికి నీటితో దీనికి ఏ సంబంధమూ లేదనిపిస్తుంది. కానీ ఇది తేమను కొంత పీల్చుకుంటుంది, ఆ తేమతో దాని ఆనయాన్ నెమ్మదిగా జలవిశ్లేషణ చెందుతుంది, అంటే నీటితో చర్య జరిపి విడిపోతుంది, వేడి గాని ఆమ్లం గాని తోడైతే ఆ చర్య వేగం పుంజుకుంటుంది. అప్పుడు పుట్టేది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. అయానిక ద్రవాలన్నీ పర్యావరణానికి మేలుచేసేవేనన్న ధీమాను ఈ కారణంతోనే 2003లో స్వాట్లోస్కీ, హోల్బ్రే, రోజర్స్ తమ పరిశోధన పత్రంలో ప్రశ్నించారు. టెట్రాఫ్లోరోబోరేట్ లవణాలకూ ఈ గుణం ఉంది.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాజును తినేస్తుంది. పాత సీసాను వెలుతురులో పట్టుకుని చూసినప్పుడు ద్రవం తగిలినంత మేర గాజు లోపలివైపు మసకబారి కనిపిస్తే, దాని మూత తీయకుండా పక్కన పెట్టి వెంటనే మీ గైడుకు చెప్పండి. ఒంటిమీద పడినప్పుడు ఈ ఆమ్లం చేసే హాని ఇంకా మోసపూరితమైనది. గాఢత తక్కువగా ఉంటే మొదట నొప్పే తెలియదు, గంటల తరువాత మొదలవుతుంది. ఆ లోగా ఫ్లోరైడ్ అయాన్లు చర్మం దాటి లోపలికి దిగి కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. ఎక్కువ మోతాదులో చేరితే రక్తంలో కాల్షియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. అందువల్ల నొప్పి లేదు కదా అని ఆగకూడదు. వెంటనే ధారాళంగా నీటితో కడిగి, తడిసిన బట్టలు తీసేసి, 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాస్తూ వైద్యుడి దగ్గరకు వెళ్లాలి, ఏ రసాయనం పడిందో పేరుతో సహా చెప్పాలి. ఇటువంటి ఫ్లోరిన్ లవణాలను ఫ్యూమ్ హుడ్‌లోనే (వాయువులను బయటికి లాగేసే అరలోనే) తెరవండి, తడిగా ఉన్నప్పుడు వేడిచేయకండి, ఆమ్లాలతో కలపకండి.

అల్యూమినియం క్లోరైడ్‌తో తయారయ్యే పాత తరం అయానిక ద్రవాల సంగతి వేరు. అవి నీరు తగిలితే తీవ్రంగా చర్య జరిపి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును వదులుతాయి. వాటిని తేమలేని గ్లవ్ బాక్సులోనే, అంటే గ్లౌజులు అమర్చి ఉన్న మూసిన పెట్టెలోనే, వాడాలి, ఒలికినప్పుడు తడిగుడ్డతో తుడవకూడదు. ఇక బ్యుటైల్ మిథైల్ ఇమిడజోలియం క్లోరైడ్ విషయంలో ముప్పు మింగడం వల్ల వస్తుంది. ఆ సీసా మీద పుర్రె గుర్తు ఉండటానికి కారణం అదే.

ఇమిడజోలియం కాటయాన్‌కు తగిలించిన కార్బన్ గొలుసు పొడవు పెరిగేకొద్దీ నీటిలోని జీవులకు విషప్రభావం సాధారణంగా పెరుగుతుంది. పొడవైన గొలుసు కణత్వచంలోకి సులువుగా చొరబడటం ఇందుకు ఒక కారణం. బ్యుటైల్ కన్నా ఆక్టైల్ లవణం ఎక్కువ హానికరం. ఇవి గాలిలోకి పోకపోయినా సింకులో పోస్తే నీటిలోకి పోతాయి, వీటిలో చాలావరకు త్వరగా కుళ్లి నశించవు. ఒక్క మిల్లీలీటరే కదా అని, పాత్ర కడిగిన నీళ్లే కదా అని సింకులో వంపేయవద్దు. కడిగిన మొదటి నీళ్లు కూడా వ్యర్థాల డబ్బాలోకే పోవాలి.

పని చేసేటప్పుడు కళ్లకు పక్కలు కూడా మూసి ఉండే గాగుల్స్ తప్పనిసరి. చిక్కని ద్రవాన్ని సన్నని సూది గుండా సిరంజిలోకి లాగేటప్పుడు, నెట్టేటప్పుడు, బలం పెరిగి సూది ఊడి చిమ్మడం మామూలుగా జరిగేదే. లావు సూది వాడండి, లేదా సూది లేకుండా లాగండి, సిరంజి మూతిని ముఖం వైపు ఉంచకండి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు నీటితో కడుగుతూనే ఉండి, తరువాత వైద్యుడికి చూపించాలి. చాలా అయానిక ద్రవాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి కాబట్టి వాడిన వెంటనే మూత బిగించండి.

కొత్త సీసా తెరిచే ముందు దాని సేఫ్టీ డేటా షీట్ చదవండి. అందులోని 16 విభాగాల్లో ముందుగా 2, 4, 8, 10, 13 చూడండి. అవి వరుసగా ప్రమాదాలు, ప్రథమ చికిత్స, రక్షణ సాధనాలు, స్థిరత్వం, పారవేసే పద్ధతి గురించి చెబుతాయి. హాని గురించిన వివరం లేదని రాసి ఉంటే, ఇంకా ఎవరూ పరీక్షించలేదని అర్థం చేసుకోండి. అటువంటిదాన్ని విషపదార్థంగానే భావించి వాడండి.

వ్యర్థాల డబ్బా మీద "అయానిక ద్రవం" అని మాత్రమే రాసి వదిలేయకండి. కాటయాన్, ఆనయాన్ రెండూ పూర్తిగా రాయండి, కలిసిన ద్రావణి పేరు, తేదీ కూడా రాయండి. దాన్ని తీసుకువెళ్లి కాల్చవలసిన మనిషికి లోపల ఫ్లోరిన్ ఉందో లేదో తెలియాలి. రేపు ఉదయం పనిలో దిగేముందు కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఎక్కడ ఉంచారో చూసి, దాని గడువు తేదీ చదవండి. మీకు ఇచ్చిన సీసాల మీది పేర్లు ఉన్నవున్నట్టు నాకు రాసి పంపితే, ఒక్కొక్కదాని గురించీ విడిగా రాస్తాను.

మీ తాతయ్య